మానేసిన జిమ్‌కి మళ్ళీ వెళ్ళడం ఎందుకంత కష్టం

జనవరి మొదటి వారంలో నెల్లూరు మాగుంట లేఅవుట్ వైపు జిమ్‌లలో ట్రెడ్‌మిల్ ఖాళీగా దొరకడం కష్టం. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు అని బోర్డు ఉంటుంది, కొత్త బూట్లు, కొత్త నీళ్ళ సీసా, అద్దం ముందు ఒక సెల్ఫీ. రెండు వారాలు తిరక్కుండానే సంక్రాంతి వచ్చేస్తుంది. ఊరు, అరిసెలు, చుట్టాలు, పేకాట, ఐదు రోజులని వెళ్ళినవాళ్ళు తొమ్మిది రోజులకి తిరిగొస్తారు. సోమవారం నుంచి వెళదాం అనుకుంటారు. ఆ సోమవారం ఒళ్ళు బరువుగా ఉంటుంది, పైగా జిమ్ మాస్టర్ 'ఏంది సార్, అసలు కనపడ్డమే లేదు' అని అందరి ముందూ అడుగుతాడేమోనని జంకు. ఇంకో వారం పోతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి కొంతమంది ఆ జిమ్ ముందు నుంచి బండి పోనివ్వడం కూడా మానేసి, పక్క సందులోంచి చుట్టూ తిప్పుకుని ఇంటికి చేరుతుంటారు. డబ్బు కట్టింది తామే, తప్పించుకు తిరిగేదీ తామే.

దీనికి అందరూ పెట్టే పేరు బద్ధకం. కానీ బద్ధకస్తుడు ఎప్పుడూ దగ్గర దారే చూసుకుంటాడు, రెండు సందులు చుట్టూ తిరగడు. ఇక్కడ పనిచేస్తున్నది సిగ్గు. అది మాస్టర్ వల్ల వచ్చిందీ కాదు, నెలకి పదిమంది చేరి పదిమంది మానేసే చోట ఎవరినీ గుర్తుపెట్టుకునే తీరిక ఆయనకి ఉండదు. లోపల ఆగకుండా నడిచే తిట్ల దండకం నుంచి వచ్చింది. 'నా మొహానికి జిమ్ ఒకటి', 'ఏది మొదలుపెట్టినా ఇంతే', 'ముందు నోరు కట్టుకోవడం రాదు గానీ' అంటూ, పక్కింటి పిల్లాడిని కూడా అనని మాటలు తమని తామే అనుకుంటారు. అలా తిట్టుకుంటేనే దారికొస్తామని పైగా ఒక నమ్మకం. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి ఇప్పుడు కావలసినంత ఆధారం ఉంది.

అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003లో, మనిషి తన పట్ల తాను ఎంత ఆదరంగా ఉంటాడో కొలిచే ఒక ప్రశ్నావళిని ప్రచురించారు. ఆమె వాడిన మాట సెల్ఫ్ కంపాషన్. తెలుగులో 'స్వీయ కరుణ' అంటే ఎవరికీ ఎక్కదు, 'తన మీద తనకి జాలి' అంటే అర్థమే తిరగబడుతుంది, ఎందుకంటే జాలి అనగానే పై మెట్టు మీద నిలబడి కింది మెట్టు వాడిని చూసే చూపు గుర్తొస్తుంది. కనికరం అన్న మాట కాస్త దగ్గరగా ఉంటుంది. నెఫ్ చెప్పిన దాంట్లో మూడు సంగతులున్నాయి: చేజారినప్పుడు తిట్టుకోకుండా ఆదరంగా చూసుకోవడం, ఇది నా ఒక్కడికే వచ్చింది కాదు మనుషులందరికీ ఉండేదే అని ఎరిగి ఉండటం, జరిగినదాన్ని కొండంత చేయకుండా ఉన్నదున్నట్టు చూడటం. ఆమె ఈ ఆలోచనని పట్టుకున్నది బౌద్ధ ధ్యానం నుంచి. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో బౌద్ధ స్తూపం ఉంది, అలాంటి చోట్ల ఒకప్పుడు నివసించిన భిక్షువుల సంప్రదాయంలో మైత్రీ భావన, అంటే అందరి మేలూ కోరుకునే ధ్యానం, ముందు తనతోనే మొదలవుతుంది, ఇతరుల వంతు ఆ తర్వాత. కాబట్టి ఇది నిన్నగాక మొన్న ఇన్‌స్టాగ్రామ్‌లో దిగిన సరుకేమీ కాదు.

తిట్టుకోకపోతే మనిషి చెడిపోడా అన్నది మొదటి అనుమానం. జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో దీన్నే పరీక్షించారు. విద్యార్థులకి కావాలనే కష్టమైన పదాల పరీక్ష పెట్టారు, అందరికీ తక్కువ మార్కులొచ్చేలా. కొందరితో 'ఇది చాలామందికి కష్టంగానే ఉంటుంది, మీ మీద మీరు మరీ కఠినంగా ఉండకండి' అన్నారు. కొందరితో 'మీరు తెలివైనవాళ్ళే, లేకపోతే ఇక్కడ సీటే వచ్చేది కాదు' అని ఉబ్బించారు. ఇంకొందరితో ఏమీ అనలేదు. రెండో పరీక్షకి చదువుకోమని వదిలేస్తే ఎక్కువసేపు చదివింది మొదటివాళ్ళు. మెచ్చుకోలు అంత పని చేయలేదు. మెచ్చుకోలు బాగా చేసిన రోజున సరిపోతుంది, చెడగొట్టుకున్న రోజున దాన్ని ఎవరూ నమ్మరు మరి.

తిండి విషయంలో జరిగింది ఇంకా సూటిగా తగిలే ప్రయోగం. క్లేర్ ఆడమ్స్, మార్క్ లియరీ 2007లో ప్రచురించారు. కాలేజీ అమ్మాయిలకి ముందు ఒక డోనట్ పెట్టారు, అంటే చక్కెర పూసిన తియ్యటి గారె లాంటిది. అది తిన్నాక కొందరితో 'అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటివి తింటారు, దీనికి బాధపడకండి' అని చెప్పారు, మిగతావాళ్ళతో చెప్పలేదు. తర్వాత రుచి చూడమని మిఠాయిలు గిన్నెల్లో పెట్టారు. తిండి మీద ఎప్పుడూ కాపలా కాసే అమ్మాయిల్లో, ఆ మంచి మాట విన్నవాళ్ళు తక్కువ తిన్నారు, విననివాళ్ళు ఎక్కువ తిన్నారు. తప్పు చేశామన్న బాధ ఆకలి చంపలేదు, ఎక్కువ చేసింది.

ఇది తెలుగువాళ్ళకి కొత్త కాదు, దీనికి సామెతే ఉంది. నిండా మునిగినవాడికి చలేంటి. పొద్దున కారం దోశ రెండు తినేసరికి 'ఈ రోజుకి డైట్ పోయింది' అనుకున్నవాళ్ళు మధ్యాహ్నం బిర్యానీకీ, రాత్రి మలై కాజాకీ అడ్డు చెప్పరు, రేపటి నుంచి చూద్దాం అంటారు. జానెట్ పొలివీ, పీటర్ హెర్మన్ అనే ఆహార మనస్తత్వ పరిశోధకులు దీనికి ఇంగ్లీషులో ఒక పేరు పెట్టారు, తెలుగులో చెప్పుకుంటే 'పోతే పోనీ' పద్ధతి. వ్యాయామంలోనూ అదే. రెండు రోజులు తప్పితే రెండు రోజులే పోయాయి, కానీ 'నా వల్ల కాదు' అని తీర్పు ఇచ్చేసుకుంటే ఏడాది పోయింది.

ఈ కనికరం ఎలా ఉంటుందో చూడాలంటే ప్రకాశం జిల్లా ఊళ్ళలో బండలాగుడు ఎడ్లని పెంచే రైతు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. ఒంగోలు గిత్తని కాడి మరిపేటప్పుడు మొదటి రోజే ఎవరూ బండ కట్టరు. ఖాళీ కాడి పెట్టి నడిపిస్తారు, తర్వాత తేలికపాటి మొద్దు, ఆ తర్వాతే చిన్న బండ. పోటీల్లో కూడా పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని వయసుని బట్టి వేరు చేస్తారు, పాలపళ్ళ గిత్తని తీసుకొచ్చి సీనియర్ల బండ ముందు నిలబెట్టి 'ఛీ, నువ్వూ ఒక ఎద్దువేనా' అని ఎవరూ అనరు. ఒకరోజు గిత్త మొరాయించిందనుకోండి, రైతు ముందు గిట్ట ఎత్తి చూస్తాడు, మెడ మీద కాడి ఒరుసుకుందేమో తడిమి చూస్తాడు, నిన్న ఉలవలు సరిగ్గా తిన్నదా అని ఇంట్లో అడుగుతాడు. ఎండ ఎక్కువుంటే విప్పేసి చెట్టుకింద కడతాడు. అదే మనిషికి మోకాలు నొప్పెడితే మాత్రం 'ఈ మాయదారి మోకాలొకటి' అని తిట్టుకుంటూ ఆ నొప్పి మీదే నాలుగు కిలోమీటర్లు నడిచేసి వస్తాడు. పోటీ రోజు ఎడ్ల మీద దెబ్బలు పడతాయి, అది దాచాల్సిన పని లేదు, పోటీకి అనుమతులప్పుడు గొడవలు వచ్చేదీ అందుకే. కానీ ఏడాది పొడుగునా ఆ ఎద్దుకి బలం వచ్చింది దెబ్బల వల్ల కాదని ఆ రైతుకే బాగా తెలుసు.

నెఫ్ చెప్పిన రెండో సంగతి, అంటే నా ఒక్కడికే కాదు అన్నది, పుస్తకంలో చదివితే చప్పగా ఉంటుంది. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి చూస్తే వేరుగా ఉంటుంది. బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగలో కోరిక ఉన్నవాళ్ళు, కోరిక తీరినవాళ్ళ చేతిలోంచి రొట్టె తీసుకుంటారు, తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, ఆరోగ్య రొట్టె. అక్కడ ఒక మనిషి 'ఆరోగ్య రొట్టె ఎవరి దగ్గరుంది' అని వేలమంది మధ్య గొంతెత్తి అడుగుతాడు, ఎవరూ తిరిగి చూసి నవ్వరు, ఎందుకంటే పక్కవాడూ ఏదో ఒకటి అడగడానికే వచ్చాడు. నమ్మకం సంగతి ఎవరిది వాళ్ళది. ఒంట్లో బాగాలేదనీ బాగుపడాలనుందనీ నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గు లేని చోటు అది. అదే మనిషి పొట్ట తగ్గించుకుందామని ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి పొద్దున్నే వెళ్ళి, పక్కనుంచి కుర్రాళ్ళు పరుగెత్తుకుంటూ పోయేసరికి తల దించుకుంటాడు.

ఇక అంకెల గోల. రోజుకి పదివేల అడుగులు నడవకపోతే నడిచినట్టే కాదని చాలామంది నమ్ముతారు, ఎనిమిదివేల దగ్గర ఆగితే రాత్రి పదకొండుకి హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్ళూ ఉన్నారు. ఆ పదివేలు ఏ వైద్య పరిశోధనలోనూ తేలిన లెక్క కాదు, 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరుని అమ్మడానికి పెట్టిన పేరు, 'మాన్పోకే', అంటే పదివేల అడుగుల మీటరు. 2019లో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, రోజుకి 2,700 అడుగులు నడిచేవాళ్ళతో పోలిస్తే 4,400 నడిచేవాళ్ళలోనే మరణాలు చెప్పుకోదగ్గంత తక్కువగా కనిపించాయి, సుమారు 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అని ఉంది, ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత షరతుని కూడా తీసేశారు. కూరగాయలకి నడిచి వెళ్ళొచ్చిన ఆరు నిమిషాలూ లెక్కలోకే వస్తాయి.

ఎండ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మే నెలలో చాలామంది తమని తాము అన్యాయంగా తిట్టుకునేది దీని వల్లే. నలభై దాటిన వేడి, దానికి తోడు సముద్రం నుంచి వచ్చే ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు ఎక్కువగా తోలాలి, కాబట్టి డిసెంబరులో నడిచిన వేగానికే మేలో గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. చేతి వాచీకి రోహిణీ కార్తె అంటే ఏమిటో తెలియదు, ఫిట్‌నెస్ తగ్గిపోతోందని చూపిస్తుంది, మనిషి దాన్ని నమ్మి ఇంకా గట్టిగా పరుగెత్తి కళ్ళు తిరిగి కూర్చుంటాడు. వేడికి ఒళ్ళు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో వేగం తగ్గించుకోవడం ఓటమి కాదు, లెక్క తెలిసి నడవడం. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగి, నలభై ఏళ్ళకే నడుమూ మోకాళ్ళూ బిగుసుకున్నవాళ్ళు ఫోన్‌లో హైదరాబాద్ కుర్రాడి గుంజీలు చూసి అలా రావట్లేదని దిగులుపడటం కూడా ఈ బాపతే. ఉన్నదున్నట్టు చూడటం అంటే ఇదీ.

ఆడవాళ్ళ విషయంలో తిట్టే గొంతు లోపలిది మాత్రమే కాదు. ఏ పెళ్ళికి వెళ్ళినా 'ఏందమ్మే, బాగా ఒళ్ళు చేశావే' అన్నదే పలకరింపు. తగ్గితే 'ఏంది, చిక్కిపోయావు, ఒంట్లో బాగలేదా'. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అంటే పొట్ట మీద పెద్ద ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ళకి ఎవరూ ఫిజియోథెరపీ గురించి చెప్పరు, మూడేళ్ళ తర్వాత మాత్రం 'ఇంకా తగ్గలేదా పొట్ట' అని అడుగుతారు. ఒంగోలులో పొద్దున ఐదున్నరకి చీర మీదే బూట్లు వేసుకుని నడకకి వచ్చేవాళ్ళని చూడండి, నాలుగున్నరకే లేచి పాలు కాచి, టిఫిన్‌కి పిండి తీసిపెట్టి వచ్చి ఉంటారు. పిల్లలకి పరీక్షలొస్తే మొదట ఆగేది ఆ నడకే. మానేశానని ఆమె తనని తిట్టుకునే ముందు, ఆ నలభై నిమిషాలు ఎవరెవరు తీసుకున్నారో లెక్క చూసుకోవడం న్యాయం.

అయితే కనికరం పేరుతో దుప్పటి ముసుగేసుకునేవాళ్ళూ ఉంటారు, ఉండరని చెప్పలేం. 'ఒళ్ళు విశ్రాంతి అడుగుతోంది' అని నెలంతా పడుకుంటే ఒళ్ళు అడిగింది అది కాదు. తేడా పట్టుకోవడానికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. జ్వరం వచ్చిన బిడ్డకి తల్లి ఐస్‌క్రీమ్ ఇవ్వదు, అలాగని బడికి పొమ్మని వీపు మీద చరవదు. మందు మింగిస్తుంది, తగ్గాక బడికి పంపిస్తుంది. ఈ రెండో సగం మర్చిపోతేనే అది గారాబం. తినేసిన అరిసెలకి శిక్షగా మర్నాడు రెండు గంటలు పరుగెత్తడం ఇంకో వైపు తప్పు. అలవాటు లేని ఒంటి మీద ఒక్కసారిగా అంత భారం వేస్తే కండరం నలిగి ఆ చెత్త మూత్రపిండాలకి చేరి, మూత్రం నల్లటి కాఫీ రంగులో వచ్చి ఆసుపత్రిలో చేరిన కేసులు వైద్యులకి తెలిసినవే. ఛాతీలో పట్టేసినట్టుండటం, ఎడమ చెయ్యి లాగడం లాంటివొస్తే తిట్టుకోవడమూ ఓదార్చుకోవడమూ రెండూ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి.

మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి ఒళ్ళు చెప్పే లెక్కలు, మనసు చెప్పే లెక్కల కంటే చాలా దయగా ఉంటాయి. పండగ తర్వాత మిషన్ ఎక్కితే రెండు కిలోలు పెరిగి కనపడతాయి, అందులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, ఉప్పూ పిండిపదార్థాలూ పట్టి ఉంచిన నీళ్ళు. ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో దాచుకునే ప్రతి గ్రాము పిండిపదార్థంతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు చేరతాయి, మామూలు తిండికి వచ్చాక అది దానంతట అదే దిగుతుంది. మూడు వారాలు మానేస్తే కండ బలం పెద్దగా పోదు. ముందు తగ్గేది దమ్ము, ఎందుకంటే రక్తంలో నీటి భాగం త్వరగా తగ్గిపోతుంది, తిరిగి మొదలుపెడితే అదీ అంతే త్వరగా వస్తుంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదురుకోవడానికి కొందరికి 18 రోజులు చాలు, కొందరికి 254 దాకా పట్టొచ్చు అని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల ఆ కుదురుకోవడం పెద్దగా దెబ్బతినలేదు కూడా. 21 రోజుల్లో అలవాటైపోవాలి, ఒక్కరోజు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క అని వాట్సాప్‌లో తిరిగే నియమానికి ఇది పూర్తిగా ఎదురు.

మొదటి రోజు ఎంత చేయాలన్నదానికి గిత్త లెక్కే సరిపోతుంది. ఆపిన రోజు ఎత్తిన బరువులో సగం, ఆపిన రోజు చేసిన సమయంలో సగం. నెల విరామం తర్వాత పాత బరువే ఎత్తితే మర్నాటి నుంచి మూడో రోజు దాకా మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వస్తుంది, ఆ నొప్పితో ఇంకో వారం ఎగ్గొడతారు. తేలిగ్గా ఒక్కసారి చేసి వదిలేసినా చాలు, అదే వ్యాయామం రెండోసారి చేసినప్పుడు నొప్పి బాగా తక్కువగా ఉంటుంది, కండరం ఆపాటికే జాగ్రత్తపడి ఉంటుంది.

మాస్టర్ అడిగే ప్రశ్నకి జవాబు కూడా ముందే అనుకుని పోతే అడుగు తేలిగ్గా పడుతుంది. 'పండక్కి ఊరెళ్ళి అక్కడే ఉండిపోయా, ఈ వారం తేలిగ్గా చేస్తా' అంటే సరి. చాలాసార్లు అది కూడా అవసరం పడదు. లోపలికి వెళ్ళేసరికి ఆయన ఫోన్‌లో మునిగి ఉంటాడు, తలెత్తి ఒకసారి చూసి, మూలనున్న సైకిల్ వైపు చెయ్యి చూపించి, 'పది నిమిషాలు వార్మప్ చేయండి సార్' అంటాడు.